‘నెట్ రావడం లేదు’ అంటే, ఏది ఎక్కడ ఆగింది?

కర్నూలులో మా వీధికంతా కలిపి ఒకటే ఫిర్యాదు: ‘నెట్ రావడం లేదు.’ ఆపరేటర్ దగ్గర నుంచి వచ్చే జవాబూ ఒకటే: ‘డబ్బా ఒకసారి ఆపి, మళ్లీ వేయండి సార్.’ కడుపునొప్పి అని ఎవరొచ్చినా ఒకే మాత్ర చేతిలో పెట్టే వైద్యం ఇది. మాత్ర పనిచేసిన రోజు రోగమేమిటో తెలియదు. పనిచేయని రోజు ఇద్దరికీ మాటలు అయిపోతాయి.

మా ఊరికి తాగునీరు సుంకేసుల బరాజ్ నుంచి వస్తుంది. కుళాయి ఆగిపోతే ఎవరూ బండి వేసుకుని సుంకేసుల వెళ్లరు. మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయిందా, వాల్వు ఎవరైనా కట్టేశారా, పక్కింట్లో వస్తున్నాయా అని వరుసగా చూసుకుంటారు. ఈ ఇంగితమంతా కంప్యూటర్ ముందు కూర్చోగానే ఎటు పోతుందో తెలియదు. నెట్‌కూ ఒక దారి ఉంది, దానికీ మలుపులున్నాయి. డెస్క్‌టాప్ నుంచి రౌటర్ అనే ఆ డబ్బా దాకా ఒకటి, రౌటర్ నుంచి స్తంభం మీది పెట్టె దాకా మరొకటి, అక్కడి నుంచి ఆపరేటర్ కేంద్రం, ఆపైన పేర్లను చిరునామాలుగా మార్చే సర్వర్, చివరికి మనకు కావలసిన సైటు. ఏ మలుపులో తెగినా తెర మీద కనిపించేది అదే ఖాళీ పేజీ. ఎక్కడ తెగిందో కనిపెట్టడానికి ఇంజినీరింగ్ చదవనక్కరలేదు. అయిదు నిమిషాలు ఓపిక పట్టి, డబ్బా ఆపకముందే చూడాలి.

ఆపకముందే అని ఎందుకంటున్నానంటే, ఆపితే ఆనవాళ్లు పోతాయి. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. వారాల తరబడి నడిచి దాని జ్ఞాపకం నిండిపోయినప్పుడు, లేదా ఆపరేటర్ కేంద్రంతో కుదుర్చుకున్న సంబంధం తెగినా తెగనట్టే భ్రమపడుతున్నప్పుడు, పది సెకన్లు కరెంటు తీసి పెడితే అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. చాలాసార్లు బాగుపడుతుంది కూడా. కానీ ఆపేముందు ఏ దీపం ఏ రంగులో ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. రోజుకు మూడుసార్లు ఆపాల్సి వస్తోందంటే జబ్బు అలాగే ఉన్నట్టు లెక్క.

ఇక్కడే ఒక హెచ్చరిక. డబ్బా వెనక పిన్నుతో నొక్కే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. దాని పేరు రీసెట్. ఆపి మళ్లీ వేయడానికీ దీనికీ సంబంధం లేదు. అది నొక్కితే లోపల రాసి పెట్టిన మీ ఖాతా పేరు, పాస్‌వర్డ్, ఆపరేటర్ చేసిన అమరికలు తుడిచిపెట్టుకుపోవచ్చు. అంతవరకూ నిదానంగా నడుస్తున్న నెట్ కాస్తా పూర్తిగా ఆగి, మనిషి ఇంటికి వచ్చేదాకా లేవదు. అత్యుత్సాహం గల మేనల్లుళ్లు ఉన్న ఇళ్లలో ఆ రంధ్రం మీద ప్లాస్టర్ అంటించడం మంచిది.

దీపాలు చెప్పే సంగతి

ఇప్పుడు చాలా ఇళ్లకు వచ్చేది ఫైబర్ కనెక్షన్, అంటే సన్నటి గాజు తీగలో వెలుతురు రూపంలో వచ్చే నెట్. డబ్బా ముందున్న దీపాల్లో రెండు ముఖ్యం. ఒకటి పాన్ (PON), రెండోది లాస్ (LOS). పాన్ ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతూ, లాస్ ఆరిపోయి ఉంటే వెలుతురు ఇంటిదాకా వస్తోందని, కేంద్రం మీ డబ్బాను గుర్తించిందని అర్థం. పాన్ మినుకుమినుకుమంటుంటే ఆ గుర్తింపు కోసం ఇంకా ప్రయత్నిస్తోందన్నమాట. లాస్ ఎర్రగా వెలిగితే మాత్రం కంప్యూటర్ జోలికి పోకండి. అందులో మీరు ఏం మార్చినా వృథా. దారంలాంటి ఆ గాజు తీగలోంచి రావలసిన వెలుతురు రావడం లేదు. పాన్ బాగానే ఉండి ఇంటర్నెట్ దీపం ఒక్కటే వెలగకపోతే లైను బాగుంది, ఖాతాలోనే ఏదో అడ్డం. చాలాసార్లు ఆ అడ్డం పేరు ‘ప్యాక్ గడువు ముగిసింది’. ఇది నాకు రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ఆపరేటర్ మీద కోపం ప్రదర్శించిన తర్వాతే తెలిసింది.

వెలుతురు సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే లైను చూసేవాళ్లు మాట్లాడే భాష ఇదే. వాళ్లు ‘పవర్ ఎంత వస్తోంది’ అంటే కరెంటు గురించి కాదు. డీబీఎం అనే కొలతలో చెప్పే వెలుతురు బలం గురించి. ఒక మిల్లీవాట్ బలాన్ని సున్నా అంటారు. మైనస్ 10 అంటే అందులో పదో వంతు, మైనస్ 20 అంటే నూరో వంతు, మైనస్ 30 అంటే వెయ్యో వంతు. మూడు అంకెలు దిగితే వెలుతురు సగమైపోయినట్టు. ఇళ్లలో వాడే సాధారణ జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) డబ్బాలు మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా పనిచేసేలా తయారవుతాయి. మైనస్ 27 అంటే మిల్లీవాట్‌లో అయిదువందలో వంతు. అంత మసక వెలుతురులో సినిమా చూడగలుగుతున్నామంటే ఆశ్చర్యమే. అది కూడా దాటి దిగితే డబ్బా చీకట్లో తడుముకుంటుంది. ఒక నిమిషం వస్తుంది, రెండు నిమిషాలు పోతుంది.

వెలుతురు ఎందుకు తగ్గుతుంది? కేంద్రం నుంచి బయలుదేరిన ఒక తీగను స్తంభాల మీది స్ప్లిటర్లు 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. పంపకంలోనే చాలా భాగం ఖర్చవుతుంది, అది లెక్కలో ఉన్నదే. లెక్కలో లేనివి తర్వాత చేరతాయి. సరిగ్గా అతకని జాయింటు ఒకటి, దుమ్ము పట్టిన కనెక్టర్ ఒకటి, మేకు చుట్టూ బిగించి కట్టిన మలుపు ఇంకొకటి. గాజు తీగను ఇరుకుగా వంచితే వెలుతురు పక్కకు కారిపోతుంది. మామూలు ఫైబర్‌ను 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా చిన్న చుట్టగా చుట్టకూడదంటారు. మన ఇళ్లలో తలుపు సందులోంచి లాగి, కిటికీ రెక్క కింద నలిపి, మిగిలిన తీగను జడ అల్లినట్టు బిగించి మేకుకు వేలాడదీస్తాం.

బయట పరిస్థితి ఇంకా రసవత్తరం. రాయలసీమ పట్టణాల్లో ఫైబర్‌లో ఎక్కువ భాగం భూమిలో లేదు, స్తంభాల మీద వేలాడుతోంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా కరెంటు స్తంభాలనే ఆధారం చేసుకుంది. తవ్వే ఖర్చు లేకుండా త్వరగా ఊరూరా చేరడానికి అది తెలివైన దారే. అయితే స్తంభానికి కట్టినది స్తంభం కష్టాలన్నీ పంచుకుంటుంది. ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే లారీ, ఉడత పళ్లు, గాలివాన, ఇవి ఏడాది పొడవునా ఉంటాయి. వినాయక చవితికి మాత్రం మా ఊరిది ప్రత్యేకం. కేసీ కాలువ మీది వినాయక ఘాట్‌కు విగ్రహాలు బయలుదేరిన రోజున ట్రాక్టరు ముందు ఒక కుర్రవాడు పొడవాటి కర్రతో తీగలు పైకెత్తుతూ నడుస్తాడు. కరెంటు తీగ ఆ ఎత్తుడుకు తట్టుకుంటుంది. గాజు తీగ అక్కడికక్కడ తెగకపోయినా జాయింటు దగ్గర నలిగి, పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ప్రాణం వదులుతుంది. ఆ పాటికి నిమజ్జనాన్ని దానికి ముడిపెట్టేవాళ్లుండరు.

కొన్ని డబ్బాల్లో ఈ పవర్ అంకె మనమే చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే, లేదా డబ్బా అడుగున అంటించిన చీటీ మీదున్న అంకె కొడితే, లోపలి పేజీ తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లే పేరు, పాస్‌వర్డ్ చాలావరకు ఆ చీటీ మీదే ఉంటాయి. చూడండి, మార్చకండి.

ఇంటి లోపల

దీపాలన్నీ బాగున్నాయి, ఫోనులో అదే డబ్బా వైఫై మీద నెట్ వస్తోంది, డెస్క్‌టాప్‌లో మాత్రం రావడం లేదు. అప్పుడు ఆపరేటర్‌ను పిలిస్తే తప్పు మనదే.

డెస్క్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపి ఉంటే ముందు ఆ తీగ రెండు కొసలూ తీసి మళ్లీ టక్కుమని శబ్దం వచ్చేలా పెట్టండి. ఆ తీగలో ఎనిమిది సన్నటి రాగి తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. వేగం సెకనుకు 100 మెగాబిట్లయితే రెండు జతలతోనే పని జరిగిపోతుంది. 1000 మెగాబిట్లకు నాలుగు జతలూ కావాలి. అందువల్ల బీరువా కాలి కింద నలిగి మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగితే నెట్ ఆగదు, చాలావరకు చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతుంది. మీరు 200 మెగాబిట్ల ప్యాక్‌కు డబ్బు కడుతూ, వేగం ఎప్పుడు కొలిచినా 94 దగ్గర కచ్చితంగా ఆగిపోతుంటే ఆపరేటర్‌ను తిట్టకండి, కొత్త తీగ కొనండి. అంత కచ్చితంగా 94 అని చూపించేది చాలావరకు ఆ తీగే.

వైఫై అయితే మన ఇళ్లే అడ్డం. కడప బండలు పరిచి, అడుగున్నర మందం రాతి గోడలు కట్టిన పాత ఇళ్లు ఎండకాలం చల్లగా ఉంచుతాయి. అదే గోడ వైఫై తరంగాలనూ మింగేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కాస్త దూరం పోతుంది, కానీ అందులో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అరుస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, ఒక గోడ దాటేసరికి నీరసిస్తుంది. ముందు గదిలో టీవీ వెనక డబ్బా, లోపలి గదిలో బల్ల కింద కంప్యూటర్ పెట్టి, మధ్యలో స్టీలు బీరువా నిలబెట్టి, నెట్ రావడం లేదనడం భావ్యం కాదు.

డెస్క్‌టాప్‌కు ఇంకో ప్రత్యేకమైన బాధ ఉంది. చాలామంది వైఫైని అందుకునే గోరంత డాంగిల్‌ను పెట్టె వెనక నీలిరంగు యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చుతారు. ఆ నీలిరంగు యూఎస్‌బీ 3.0 రంధ్రాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రొద పుట్టిస్తాయి. ఇంటెల్ 2012లో దీనిమీద ఒక పత్రమే వెలువరించింది. పక్క రంధ్రంలో బయటి హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై కుంటుపడుతుంటే కారణం అదే కావచ్చు. డాంగిల్‌ను ముందువైపు నల్ల రంధ్రానికి మార్చండి, లేదా అడుగు పొడవు యూఎస్‌బీ తీగ కొని దానికి తగిలించి బల్ల మీదికి తెచ్చి పెట్టండి. ఇంతకన్నా చవకైన మరమ్మతు నాకు తెలియదు.

ఎండ మాటా చెప్పాలి. ఇళ్లలో వాడే రౌటర్లు చాలావాటికి తయారీదారులు రాసే పరిమితి 40 డిగ్రీలు. మే నెలలో కర్నూలు, అనంతపురం, కడపల్లో మధ్యాహ్నం అది దాటడం మామూలే. పైగా డబ్బాను మూసిన అరలో, దాని మీద సెట్‌టాప్ బాక్సు, ఆపైన ఒక గుడ్డ. మధ్యాహ్నం పోయి సాయంత్రం వచ్చే నెట్‌కు ముందుగా గాలి ఆడనివ్వండి.

చిరునామా, ఆపైన పేరు

తీగ బాగుంది, వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, అయినా పేజీ తెరుచుకోవడం లేదు. ఇప్పుడు నల్ల తెర అవసరం. విండోస్‌లో వెతికే పెట్టెలో సీ, ఎం, డీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో ఒకే మాటగా కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో 192.168తో మొదలయ్యే అంకె ఉంటే రౌటర్ మీ కంప్యూటర్‌కు చిరునామా ఇచ్చిందని అర్థం. కొన్ని రౌటర్లు 10తో మొదలయ్యేవి ఇస్తాయి, అదీ సరైనదే. 169.254తో మొదలైతే మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కంప్యూటర్ అడిగి అడిగి, జవాబు రాక, తనకు తానే ఒక దొంగ చిరునామా రాసుకుంది. తప్పు కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్యనే ఉంది. తీగ చూడాలి, లేదా రౌటర్‌ను ఇప్పుడు ఆపి మళ్లీ వేయాలి. చూడవలసింది చూశాం కాబట్టి ఇక ఆపవచ్చు.

చిరునామా సరిగా ఉంటే పింగ్, అంటే అవతలివైపు పలుకుతోందా అని పిలిచి చూడడం. పీ, ఐ, ఎన్, జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి 192.168.1.1 కొట్టండి. మీ రౌటర్ అంకె వేరైతే అది. జవాబు వస్తే ఇంటి లోపలి దారి బాగుంది. తర్వాత అదే విధంగా 8.8.8.8. ఇది 2009 నుంచి గూగుల్ నడుపుతున్న పేర్ల సర్వర్ చిరునామా. దానికీ జవాబు వస్తే ఆశ్చర్యపోవచ్చు, మీ నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది! పోయింది చాలావరకు పేర్లను చిరునామాలుగా మార్చే ఏర్పాటు ఒక్కటే.

దీన్ని డీఎన్ఎస్ అంటారు. మా ఊళ్లో ఇంటి నంబరు చెబితే ఎవరికీ తెలియదు. కొండారెడ్డి బురుజు దగ్గర దిగి, అక్కడున్న టీ కొట్టులో పేరు చెప్పి అడిగితే ఇంటి గుమ్మం దాకా దారి చెబుతారు. ఆ రోజు కొట్టు మూసి ఉంటే వీధులన్నీ తెరిచే ఉన్నా మీరు ఇల్లు చేరలేరు. డీఎన్ఎస్ పోవడం అంటే సరిగ్గా ఇదే. మామూలుగా ఆపరేటర్ తన కొట్టునే చూపిస్తాడు. అది మొరాయిస్తే నెట్‌వర్క్ అమరికల్లోకి వెళ్లి 8.8.8.8 అనో, 2018లో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ మొదలుపెట్టిన 1.1.1.1 అనో రాసుకుంటే వేరే కొట్టులో అడిగినట్టు. పాత తప్పుడు చిరునామాలు కంప్యూటర్ గుర్తుపెట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకసారి దాన్నీ ఆపి మళ్లీ వేయండి.

అడుగున గడియారం పక్కనున్న నెట్ గుర్తును గుడ్డిగా నమ్మకండి. విండోస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఒక చిన్న పేజీని తెరిచి చూస్తుంది. అందులో తాను ఎదురుచూసిన మూడు మాటలు కనబడితే నెట్ ఉందంటుంది, లేకపోతే లేదంటుంది. ఆ పేజీ ఒక్కటే అందకపోయినా లేదనే చూపిస్తుంది. నేను పింగ్‌ను నమ్ముతాను.

పింగ్‌కు జవాబు వస్తోంది, పేర్లూ దొరుకుతున్నాయి, అయినా సైట్లు తెరుచుకోవు. ఈ చివరి రకం జబ్బు మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారింట్లో చూశాను. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్. ఏ సైటు కొట్టినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అనే ఎర్ర హెచ్చరిక. ఆయన ఆపరేటర్‌తో నాలుగు రోజులు పోట్లాడారు. కనెక్షన్ ప్రైవేట్‌గా లేదంటే తన లైను ఇంకెవరికో పంచి ఇచ్చారని ఆయన అనుమానం!

‘మాస్టారూ, ఈ రోజు తేదీ ఎంత?’ అన్నాను తెర కింద మూల చూస్తూ.

ఆయన గోడ మీది క్యాలెండరు చూసి చెప్పారు. కంప్యూటర్ మాత్రం 2009 జనవరిలో ఉంది.

పెట్టె లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్లకు అది అయిపోతుంది. కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ తాను పుట్టిన నాటి తేదీకి వెళ్లిపోతుంది. దాదాపు సైట్లన్నీ ఇప్పుడు తమ గుర్తింపు పత్రం చూపించాకే తెరుచుకుంటాయి. ఆ పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 2009లో కూర్చున్న కంప్యూటర్‌కు ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివే, అందుకే దొంగవని అనుకుంటుంది. నెట్ చూసి గడియారం తానే దిద్దుకోవచ్చు కదా అనవచ్చు. విండోస్ దిద్దుతుంది, కానీ తేడా 15 గంటలు మించితే సాధారణంగా దాన్ని ముట్టుకోదు. యాభై రూపాయలు కూడా కాని బ్యాటరీ మార్చాం. హెడ్మాస్టరు గారు ఆపరేటర్‌కు ఫోను చేసి క్షమాపణ చెప్పారు. అంత మంచితనం నాకు లేదు.

నిదానంగా వస్తే

పూర్తిగా రాకపోవడం కన్నా నిదానంగా రావడమే చిక్కైన జబ్బు. ముందు ఒక లెక్క. ప్యాక్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చూపిస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైట్. 100 మెగాబిట్ల కనెక్షన్ మీద ఫైలు సెకనుకు 12 మెగాబైట్లు దిగుతుంటే అది మోసం కాదు, నిండుగా వస్తున్నట్టే. ఆ తర్వాత పంపకం సంగతి. జీపాన్‌లో కేంద్రం నుంచి ఒక తీగ మీద వచ్చేది సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు. 32 ఇళ్లు ఒకేసారి గట్టిగా లాగితే తలా దాదాపు 78 మెగాబిట్లు. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి మామూలుగా బండి నడుస్తుంది. క్రికెట్ ఉన్న రాత్రి తొమ్మిది గంటలకు నడవదు. అందుకే తెల్లవారి ఆరుకు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి తీగతో కలిపి వేగం కొలిచి రాసుకోండి. రెండు వేళలా తక్కువే ఉంటే లోపం మీ లైనులోనో ఇంట్లోనో ఉంది. రాత్రి మాత్రమే తక్కువైతే ఆపరేటర్ ఎక్కువ ఇళ్లకు పంచుతున్నాడు, ఆ మాట ఆయనతో అనవచ్చు.

ఫిర్యాదు చేసే తీరు కూడా దీనితో మారిపోతుంది. ‘నెట్ రావడం లేదు’ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రవాడు వస్తాడు, డబ్బా ఆపి వేసి వెళ్తాడు. ‘ఉదయం ఏడు నుంచి లాస్ ఎర్రగా ఉంది, పక్కింట్లో బాగానే ఉంది’ అంటే మన ఇంటి తీగ ఒక్కటే తెగిందని వాళ్లకు అక్కడే అర్థమవుతుంది. పక్కింట్లోనూ ఎర్రగా ఉంటే తెగింది స్తంభం దగ్గరో అంతకు వెనకో. అప్పుడు గాజు తీగను అతికే యంత్రం ఉన్న మనిషిని పంపుతారు.

మా ఇంట్లో డబ్బా పక్కన గోడకు ఒక కాగితం అంటించాను. నెట్ చక్కగా ఉన్న రోజున చూసి దాని మీద రాసిన అంకె మైనస్ 21. పోయిన నెల మళ్లీ చూస్తే మైనస్ 24. అంటే వెలుతురు సగానికి పడిపోయింది, ఇంకో మూడు దిగితే గీత అంచుకు చేరుతుంది. ఆపరేటర్‌కు ఫోను చేసి అంకెలు చదివి వినిపించాను. ‘నెట్ అయితే వస్తోంది కదా సార్?’ అన్నాడు.